ఇంటి దగ్గర హైస్కూలు: ఆన్‌లైన్ ప్రోగ్రాం దేన్ని చూసి ఎంచుకోవాలి?

చెల్లెమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు హనుమకొండలో ఉంటారు. పాపకు సీబీఎస్‌ఈ బడిలో ఎనిమిదో తరగతి అయిపోయింది. జూన్ నుంచి బడి మాన్పించి ఇంటి దగ్గరే చదివిద్దామనుకుంటున్నారు. పాపకు లెక్కలంటే ప్రాణం, క్లాసులో చెప్పేది ఆమెకు చాలట్లేదు. మీవారిది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ అవుతుందో తెలియదు. మీ దగ్గర మూడు బ్రోషర్లు ఉన్నాయి: అమెరికా హైస్కూల్ డిప్లొమా ఇచ్చేది ఒకటి, బ్రిటిష్ ఏ లెవెల్స్ (మన పన్నెండో తరగతి లాంటివి) చెప్పేది ఒకటి, మన దేశంలోనే ఎన్‌ఐఓఎస్ పరీక్షలకు తయారుచేసేది ఒకటి. వీటిలో ఏది గట్టి చదువు, ఏది తీసుకుంటే రేపు ఐఐటీ, ఎన్‌ఐటీ దారి మూసుకుపోదు అని అడిగారు.

నేను చాలా ఏళ్లు ఇక్కడి ఇంటర్ కాలేజీల్లో లెక్కలు చెప్పాను. మా పిల్లలిద్దరూ హైస్కూలు ఇంట్లోనే చదివారు. అది చూసి తెలిసినవాళ్లు కూడా ఇలాంటి బ్రోషర్లు పట్టుకుని వస్తుంటారు. వచ్చిన ప్రతివాళ్లకూ మొదట ఒకటే చెప్తాను: సర్టిఫికెట్ ఎవరిస్తున్నారో, చదువు ఎవరు చెప్తున్నారో విడివిడిగా చూడండి. బ్రోషర్లో ఈ రెండూ కలిపేసి ఒకే ఫీజు రాస్తారు. విడదీసి చూస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు సర్టిఫికెట్ సంగతి. ఎన్‌ఐఓఎస్ అంటే కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు. 1989లో మొదలైంది. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, పన్నెండుకు 15. ఐదు సబ్జెక్టులు పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు, అందులో కనీసం ఒకటి భాష ఉండాలి. పాస్ మార్కు 33 శాతం. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబర్-నవంబర్లో ఒకసారి. ఒకసారి రిజిస్టర్ అయితే ఐదేళ్లు చెల్లుతుంది. అన్ని సబ్జెక్టులు ఒకేసారి రాయాలని లేదు. రిజిస్ట్రేషన్‌కు, పరీక్షలకు కలిపి అయ్యే ఖర్చు కొన్ని వేలు, అంతే. మీరే నేరుగా ఆన్‌లైన్లో కట్టుకోవచ్చు. కాబట్టి ఆ మూడో బ్రోషర్లో రాసిన పెద్ద ఫీజు బోర్డుది కాదు, బోధనకు. ఆ బోధన ఆ డబ్బుకు తగ్గట్టు ఉందా లేదా అన్నదే అక్కడ చూడాలి. "మేము ఎన్‌ఐఓఎస్ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ స్కూల్" అని ఎవరైనా అంటే, ఏ హోదాలో అని అడగండి. ఎన్‌ఐఓఎస్‌కు స్టడీ సెంటర్లు ఉంటాయి, 2021లో సొంతంగా వర్చువల్ స్కూల్ కూడా పెట్టుకుంది. బయటి కోచింగ్ సంస్థ తన పేరు పక్కన ఆ పేరు రాసుకున్నంత మాత్రాన బోర్డు అయిపోదు.

ఐఐటీ దారి మూసుకుపోదు. జేఈఈ మెయిన్‌కు అర్హత పరీక్షల జాబితాలో ఎన్‌ఐఓఎస్ పన్నెండో తరగతి పేరు ఉంది, ఐదు సబ్జెక్టులు ఉండాలంతే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథమెటిక్స్, ఒక భాష, ఇంకో సబ్జెక్టు అని మొదట్లోనే రాసుకోండి. మధ్యలో సరదా పడి కాంబినేషన్ మార్చొద్దు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీటుకు పన్నెండులో 75 శాతం గానీ, ఆ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండటం గానీ కావాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లే రాయనిస్తారు, అది పన్నెండు మొదటిసారి రాసిన ఏడాదితో ముడిపడి ఉంటుంది. కాబట్టి ఓపెన్ స్కూల్లో తొందరగా రాసేయొచ్చు కదా అని పదిహేనో ఏటే పన్నెండో తరగతి పేపర్లు రాయించే ఆలోచన వద్దు. పాప నిజంగా సిద్ధమైన ఏడాదే రాయించండి.

మీవారి ట్రాన్స్‌ఫర్ సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, మన ఊరివాళ్లకు అది ముఖ్యం. వరంగల్ ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు. ఆ సొంత రాష్ట్రం ఏదనేది మీ ఇల్లు ఎక్కడుందన్న దాన్ని బట్టి కాదు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎన్‌ఐఓఎస్ పిల్లలకైతే స్టడీ సెంటర్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం. రేపు మీకు విజయవాడ బదిలీ అయి, పాప స్టడీ సెంటర్ కూడా అక్కడికి మారిస్తే, కళ్లముందున్న ఎన్‌ఐటీలోనే పాప వేరే రాష్ట్రం కోటాలోకి పోతుంది. టీజీ ఎప్‌సెట్‌లో లోకల్ లెక్క వేరు. అందులో వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడికి పోని పిల్లకు అవి ఉండవు కాబట్టి, ఏడేళ్లుగా ఇక్కడే ఉంటున్నట్టు తహసీల్దార్ ఇచ్చే రెసిడెన్స్ సర్టిఫికెట్ మీద ఆధారపడాలి. రైల్వే క్వార్టర్స్ కాగితాలు, కరెంటు బిల్లులు ఇప్పటి నుంచే ఫైల్లో పెట్టుకోండి. రేపు పాప మనసు మారి డాక్టర్ అంటే, ఎంబీబీఎస్ లోకల్ నిబంధన ఇంకా బిగువు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా తెలంగాణలోనే చదివి ఉండాలన్న 2024 నాటి నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆ ఆలోచన ఏ మాత్రం ఉన్నా ఇల్లు కదిలేముందు దీన్ని గుర్తుపెట్టుకోండి.

మన రాష్ట్రం ఓపెన్ స్కూల్, అదే టాస్, కూడా ఉంది. తెలుగు మీడియంలో చదివే పిల్లలకు, మధ్యలో చదువు ఆగినవాళ్లకు అది దగ్గరి దారి. మీ పాపకు ఎన్‌ఐఓఎస్ అయితే ఏ రాష్ట్రం వెళ్లినా నడుస్తుంది. ఇంటర్ బోర్డులో ప్రైవేటుగా కట్టొచ్చని ఎవరో చెప్పారన్నారు కదా, కాలేజీకి పోకుండా హాజరు మినహాయింపు ఫీజు కట్టి రాసే వీలు ఆర్ట్స్ గ్రూపులకే. ఎంపీసీకి లేదు.

సీబీఎస్‌ఈ పేరు చెప్పి ఫోన్లు చేసేవాళ్ల గురించి కూడా ఒక మాట. సీబీఎస్‌ఈకి 75 శాతం హాజరు కావాలి, తొమ్మిదిలోనే రిజిస్ట్రేషన్ ఉండాలి. పూర్తిగా ఆన్‌లైన్లో నడిచే బడికి అది అఫిలియేషన్ ఇవ్వదు. "ఎక్కడో ఒక బడిలో పేరు రాయిస్తాం, పరీక్షకొస్తే చాలు" అంటే అది డమ్మీ అడ్మిషన్. బోర్డు తనిఖీల్లో దొరికితే నష్టపోయేది పాపే. ఎప్పుడూ వినని బోర్డు పేరు చెప్తే, దేశంలోని గుర్తింపు బోర్డుల మండలి కాబ్సే జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడండి.

ఇక అసలు విషయం, గట్టి చదువు అంటే ఏంటన్నది.

ఎన్‌ఐఓఎస్ సర్టిఫికెట్ ఇస్తుంది, లెక్కల పిచ్చి ఉన్న పిల్లను సానబెట్టే పని దానిది కాదు. దాని పేపర్లు సూటిగా ఉంటాయి, పుస్తకం శ్రద్ధగా చదివితే మార్కులు వస్తాయి. సానబెట్టే పని మీరు ఎంచుకునే ప్రోగ్రాం చేయాలి. అది చేస్తుందో లేదో సిలబస్ చూస్తే తెలియదు. కాలిక్యులస్ అని అందరి సిలబస్‌లోనూ ఉంటుంది. డెమో క్లాసులో కూడా తెలియదు, ఆ రోజు బాగా చెప్పే టీచర్‌నే కూర్చోబెడతారు. నేను అడిగేది ఒకటే: "మీ దగ్గర చదివే పిల్ల రాసి, మీ టీచర్ దిద్దిన జవాబు పత్రం, పేరు తీసేసి ఒకటి పంపండి."

ఎందుకంటే, ఒక లెక్క చూడండి. వరసగా వచ్చే ఏ మూడు పూర్ణసంఖ్యలను గుణించినా ఆ లబ్ధం 6తో భాగించబడుతుందని నిరూపించు. తొమ్మిదో తరగతి పిల్ల ఇలా రాస్తుంది: 1×2×3 = 6, 2×3×4 = 24, 3×4×5 = 60, అన్నీ 6తో భాగించబడ్డాయి, కాబట్టి నిజం. చాలా ప్రోగ్రాముల్లో దీనికి టిక్ పడుతుంది. కంప్యూటర్ దిద్దేవాటిలోనైతే ఈ ప్రశ్నే ఉండదు, నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కడమే. మంచి టీచర్ పక్కన ఎర్ర సిరాతో రాస్తాడు: "మూడు ఉదాహరణలు చూపించావు, బాగుంది. నాలుగోది తప్పదని నేనెందుకు నమ్మాలి?" అని కాగితం వెనక్కి పంపిస్తాడు. పిల్ల రెండు రోజులు గింజుకుని మళ్లీ రాస్తుంది: ఏ రెండు వరస సంఖ్యల్లోనైనా ఒకటి సరిసంఖ్య, ఏ మూడు వరస సంఖ్యల్లోనైనా ఒకటి 3 గుణిజం, 2కీ 3కీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి లబ్ధంలో 6 ఉండి తీరాలి. ఆ రెండో కాగితం కూడా టీచర్ దిద్దాలి. ఉమ్మడి కారణాంకం మాట పిల్ల వదిలేస్తే, అది ఎందుకు కావాలో మళ్లీ అడగాలి. 4తోనూ 6తోనూ భాగించబడే సంఖ్య 24తో భాగించబడుతుందా, 12ను తీసుకుని చూడు అని. ఇట్లా రెండోసారి, మూడోసారి రాయించే ఓపిక ఏ ప్రోగ్రాంకు ఉందో అదే గట్టి ప్రోగ్రాం. అది అమెరికాదా, ఇక్కడిదా అన్నది నాకు అనవసరం.

దిద్దిన పేపర్ పంపమంటే కొందరు "అది మా ప్రైవసీ పాలసీ" అంటారు. పేరు కొట్టేసి పంపడానికి ఏ పాలసీ అడ్డొస్తుంది? పంపకపోతే, దిద్దే పద్ధతే లేదని నేను అనుకుంటాను.

పనిలో పనిగా ఇంకో మూడు విషయాలు అడగండి. టెస్టు ఎన్నిసార్లు తిరిగి రాసుకోవచ్చు? "ఎన్నిసార్లైనా" అంటే ఆ ఏ గ్రేడుకు విలువ లేదు. ఒక క్లాసులో ఎంతమంది పిల్లలు? పన్నెండు, పదిహేను మంది దాటితే జూమ్‌లో మీ పాప గొంతు వినబడదు, కెమెరా ఆఫ్ చేసి బొమ్మలు గీసుకుంటుంది. పరీక్ష ఎలా పెడతారు? ఏఐకి ప్రశ్న ఇస్తే వ్యాసం రాసిచ్చే రోజులివి. ఇంటి నుంచి పంపిన వ్యాసం మీదే మార్కులేసే చోట నిజాయితీగా రాసే పిల్ల నష్టపోతుంది. టీచర్ ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగే పద్ధతి ఉన్నచోటు మేలు.

సైన్సులో ల్యాబ్ గురించి కూడా ఇలాగే అడగాలి. తెర మీద చూపించే సిమ్యులేషన్లు, ప్రభుత్వం వాళ్ల ఓల్యాబ్స్ లాంటివి, పనికొస్తాయి. కానీ అంతటితో ఆపేసే ప్రోగ్రాం వద్దు. ఇంట్లో చేయించగలిగేవి బోలెడు. గుమ్మం పైన మేకు కొట్టి, దారానికి ఒక ఇనుప నట్టు కట్టి, మేకు నుంచి నట్టు మధ్య దాకా సరిగ్గా మీటరు కొలిచి వేలాడదీయండి. అటు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు. మెల్లగా వదిలితే 20 ఊపులకు దాదాపు 40 సెకన్లు పడుతుంది. ఒక్క ఊపే కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో తేడా లెక్కనంతా పాడుచేస్తుంది, ఇరవై కొలిచి భాగిస్తే ఆ తేడా తగ్గిపోతుంది. ఈ సంగతి పిల్ల చేతులతో చేస్తేనే తలకెక్కుతుంది. దారం పొడవు మార్చి ఐదారు కొలతలు తీసుకుని, పొడవుకూ కాలం వర్గానికీ గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు నుంచి గురుత్వ త్వరణం లెక్క కట్టొచ్చు. 9.8కి బదులు 9.5 వస్తే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో నోట్‌బుక్‌లో రాయమని అడిగే టీచర్ కావాలి. 9.8 అని దిద్దుకుని రాసేయమనే టీచర్ వద్దు. ఎన్‌ఐఓఎస్ ప్రాక్టికల్ పరీక్ష ఎలాగూ స్టడీ సెంటర్లో పెడతారు. పన్నెండుకు వచ్చేసరికి ఆ సెంటర్‌లో కెమిస్ట్రీ ల్యాబ్ నిజంగా నడుస్తుందా అని మీరే వెళ్లి చూసి రండి. పిపెట్ల మీద దుమ్ము ఉంటే వేరే సెంటర్ వెతకండి.

బ్రిటిష్ బ్రోషర్ సంగతి. ఐజీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటిది), ఏ లెవెల్స్ పేపర్లు నిజంగా గట్టివి. కారణం రాయమంటాయి, మధ్య మెట్లకు మార్కులుంటాయి, పాత పేపర్లూ మార్కులు వేసే పద్ధతీ బయట దొరుకుతాయి. చిక్కల్లా ప్రైవేటు అభ్యర్థిగా రాయించే సెంటర్ దొరకడంలో. అందుకు హైదరాబాద్ వెళ్లాల్సిందే అనుకోండి. కేంబ్రిడ్జ్ ఏ లెవెల్ ఫిజిక్స్, కెమిస్ట్రీలో నిజమైన ప్రాక్టికల్ పేపర్ ఉంటుంది, ప్రైవేటు పిల్లలకు ల్యాబ్ ఇచ్చే సెంటర్లు తక్కువ. పియర్సన్ ఎడెక్సెల్ ఇంటర్నేషనల్ ఏ లెవెల్‌లో ఆ భాగం కూడా రాతపరీక్షే, అందుకే ఇంటి దగ్గర చదివేవాళ్లు ఎక్కువగా అటు వెళ్తారు. మీ బ్రోషర్ ఏ బోర్డుదో చూడండి. పరీక్ష ఫీజు సబ్జెక్టుకు ఇంత అని విడిగా ఉంటుంది, ట్యూషన్ ఫీజులో కలవదు. ఇండియాలో డిగ్రీకి వెళ్లాలంటే భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అదే ఏఐయూ, నుంచి సమానత్వ పత్రం (ఆ చదువు మన పన్నెండుకు సమానమని చెప్పే కాగితం) కావాలి, దానికి ఎన్ని ఐజీసీఎస్‌ఈలు, ఎన్ని ఏ లెవెల్స్ ఉండాలో ముందే చూసుకోవాలి.

అమెరికా డిప్లొమా దగ్గర నేను ఇంకా జాగ్రత్తగా ఉంటాను. అన్నీ ఒకటి కాదు. స్టాన్‌ఫర్డ్ ఆన్‌లైన్ హైస్కూల్ లాంటిది నిజంగా పిల్లలను చర్చల్లో కూర్చోబెట్టి చెప్పే బడి, 2006 నుంచి నడుస్తోంది. దాని ఫీజు మాత్రం ఏడాదికి పాతిక వేల డాలర్ల పైమాటే. టైం కూడా చూసుకోండి. అక్కడ కాలిఫోర్నియాలో పొద్దున ఎనిమిదింటి క్లాసు మనకు వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. నాలుగేళ్లు రాత్రి బడి అంటే ఇల్లంతా దానికి తగ్గట్టు మారాలి. ఇక రెండో రకం, వీడియోలు చూసి క్విజ్ నొక్కి, డిప్లొమా పోస్టులో తెప్పించుకునేవి. వాటి మీద "అక్రెడిటెడ్", అంటే గుర్తింపు ఉంది, అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎవరు ఇచ్చిన అక్రెడిటేషనో చూడండి. అమెరికాలో బడులకు గుర్తింపు ఇచ్చే కాగ్నియా, డబ్ల్యూఏఎస్‌సీ లాంటి సంస్థల పేర్లయితే సరే, వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ బడి పేరు ఉందో లేదో మీరే వెతకండి. ఆ తర్వాత కూడా ఇండియా కాలేజీల దగ్గర పేచీ ఉంటుంది. ఆన్‌లైన్లో చదివిన విదేశీ సర్టిఫికెట్‌కు సమానత్వం అంత తేలిగ్గా రాదు. ఆ బడివాళ్లు "వస్తుంది" అంటే, అదే మాట ఈమెయిల్‌లో రాసివ్వమనండి, ఏఐయూ నుంచి ఇప్పటికే పత్రం తెచ్చుకున్న పిల్లల నమూనా చూపించమనండి.

ఈ సర్టిఫికెట్ గొడవ ఎంత దూరం పోతుందో చెప్పడానికి ముంబయి అమ్మాయి మాళవిక జోషి సంగతి చాలు. ఇంటి దగ్గరే చదివి, అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చింది, 2016లో ఎంఐటీ పిలిచి సీటిచ్చింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు కాబట్టి మన ఐఐటీల తలుపు మాత్రం ఆమెకు తెరుచుకోలేదు. మన పిల్లలందరూ అంత దూరం పోతారని కాదు. అంత తెలివి ఉన్న పిల్లకే ఇక్కడ కాగితం అడ్డొచ్చిందంటే, మనం ఎన్‌ఐఓఎస్‌కు ఆ కొన్ని వేలు కట్టి పక్కన పెట్టుకోవడం మంచిది.

కాబట్టి నేను మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. సర్టిఫికెట్ ఎన్‌ఐఓఎస్ నుంచే. లెక్కలకు మాత్రం గట్టి ప్రోగ్రాం ఒకటి, ఆ ఒక్క సబ్జెక్టుకే డబ్బు పెట్టి, ప్రపంచంలో ఎక్కడున్నా సరే. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లం సాల్వింగ్ వాళ్ల కోర్సులు లెక్కల పిచ్చి ఉన్న పిల్లల కోసమే పెట్టినవి, రాసి పంపిన నిరూపణలను మనిషి చదివి దిద్దుతాడు. అంతకన్నా దగ్గర్లో దొరికితే ఇంకా మంచిది. ఎన్‌ఐటీలోనో, కాకతీయ యూనివర్సిటీలోనో లెక్కల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు వారానికి రెండు గంటలు కూర్చుని పిల్ల నోట్‌బుక్ దిద్దితే, లక్షల ప్రోగ్రాం కన్నా నేను దాన్నే ముందు పెడతాను. సైన్సుకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, ప్రభుత్వం వాళ్ల ఆన్‌లైన్ వేదికలు స్వయం, దీక్షల్లో పాఠాలున్నాయి, వాటితో మొదలుపెట్టండి. ఇంగ్లిష్ వ్యాసం రాయడం నేర్పించడానికి మాత్రం దిద్దే టీచర్ కావాలి, దాన్ని వీడియోలకు వదిలేయొద్దు. తెలుగును ఎన్‌ఐఓఎస్ పదో తరగతిలో ఒక భాషగా తీసుకోండి, మార్కులకూ పనికొస్తుంది, పాప తాతమ్మలకు ఉత్తరం రాయగలుగుతుంది కూడా.

పాప ఒంటరిదైపోతుందేమో అన్నారు. అది నిజమైన దిగులే, ఏ ఆన్‌లైన్ ప్రోగ్రామూ దాన్ని తీర్చదు. సాయంత్రం ఆటకు, పాటకు, ఏదో ఒకదానికి ఇల్లు కదిలేలా చూడండి. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా చదువు, మధ్యాహ్నం రాతపని అని పెట్టుకుంటే సరిపోతుంది. రోజంతా తెర ముందు కూర్చోబెట్టే టైంటేబుల్ చూపిస్తే ఆ ప్రోగ్రాం వద్దనుకోండి. రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపించుకోండి, ఎండాకాలంలో కరెంటు పోయిన ప్రతిసారీ క్లాసు పోతే పిల్లకు విసుగొస్తుంది.

ఏ ప్రోగ్రాంకైనా ఏడాది ఫీజు ఒకేసారి కట్టొద్దు. ఒక టర్మ్ కట్టండి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద తీసుకోండి. ఇప్పుడున్న బడి నుంచి టీసీ, ఎనిమిదో తరగతి మార్కుల షీట్ తెచ్చుకోండి. పాప పేరు, పుట్టిన తేదీ బర్త్ సర్టిఫికెట్‌లోనూ ఆధార్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని, లేకపోతే ఇప్పుడే సరిచేయించుకోండి. ఎన్‌ఐఓఎస్ ఫారం నింపాక దిద్దించడం పెద్ద పని.

ముగ్గురికీ ఈ వారమే మెయిల్ పెట్టి దిద్దిన పేపర్ అడగండి. వచ్చాక పైన చెప్పిన మూడు సంఖ్యల లెక్క మీ పాపతో కూడా రాయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అర్థం కాకపోతే రెండూ నాకు పంపండి, చూసి చెప్తాను.